నాలుగో డిమాండు

ఆ ఎండాకాలం సమ్మెకి మేము ఆరు డిమాండ్లు పెట్టాం. అయిదు కమిటీ రాసింది. నాలుగోది మాత్రం యూనియన్ సెక్రటరీగా నేనే రాశాను, నా చేత్తో, చిరిగిన సిమెంటు సంచి కాగితం మీద. "బరువులు మోసి కింద వాపు వచ్చిన ప్రతి హమాలీకి, కంపెనీ డాక్టరు పరీక్షతో పని లేకుండా, తేలిక పని ఇవ్వాలి." అంతే. నేను ఏడో క్లాసుతో ఆపినవాణ్ణి. ఆ తర్వాత చదివిందంతా కరపత్రాలూ కోర్టు కాగితాలే. అయినా ఆ వాక్యంలో ఒక్క అక్షరం తప్పు లేదని మూడు వందల మంది చప్పట్లు కొట్టారు. తప్పు అక్షరాల్లో లేదు.

కింద అంటే ఎక్కడో మావాళ్ళలో ఎవరూ అడగరు. యాభై కిలోల బస్తా భుజాన వేసుకుని గోదాములోంచి లారీ దాకా రోజుకి రెండు వందల సార్లు నడిచేవాడికి ఒళ్ళు ఎక్కడో ఒకచోట ఓడిపోతుంది. కొందరికి మోకాళ్ళు, కొందరికి నడుము, కొందరికి కింద. పేగు జారి హెర్నియా అయినా, నీరు చేరి వరిబీజం అయినా మావాళ్ళకి మాట ఒకటే, "దిగింది". దిగిందంటే బరువు మొయ్యలేడు. సంచులు కుట్టే బల్ల మీదకి మార్చమంటే కంపెనీ డాక్టరు కాగితం కావాలి. ఆయన ఇవ్వడు. అదీ గొడవ.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు మావాళ్ళు ఇంకొకరి దగ్గరికి వెళ్తారు. ఆయన్ని టార్చి తాత అంటారు. ముప్పై ఏళ్ళు మోసి, ఇప్పుడు సంచులు కుడుతున్నాడు. ఎవరికైనా దిగితే ఏడో వరస బస్తాల వెనక్కి తీసుకెళ్ళి, ప్యాంటు విప్పించి, వాపు వెనక టార్చి పెడతాడు. లోపల నీరుంటే ఎర్రగా దీపంలా వెలుగుతుంది. వెలిగితే, "నీరే పో. నీళ్ళు ఎవర్నీ చంపలేదు" అంటాడు. వెలగకపోతే పేగు దిగినట్టు, డాక్టరు దగ్గరికి పొమ్మంటాడు. ఆయన మాట తప్పిందని ఎవరూ అనగా నేను వినలేదు.

మా తమ్ముణ్ణి ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది నేనే. వాడికి ఇరవై తొమ్మిదేళ్ళు. గోదాములో వాణ్ణి క్రేను అనేవారు. రెండు బస్తాలు ఒకేసారి ఎత్తి పందెం గెలిచేవాడు.

"ఎప్పట్నుంచిరా?" అన్నాడు తాత.

"బస్తా మూల తగిలిన దగ్గర్నుంచి తాతా. రెండు నెలలు."

"నొప్పి?"

"నొప్పి లేదు. బరువు. జేబులో ఎవరో రాయి వేసినట్టు."

తాత వంగి టార్చి నొక్కాడు. ఎర్రగా వెలిగింది. చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు.

"సెక్రటరీ, మీ ఇంట్లో కరెంటు పోయినా ఫర్వాలేదయ్యా. మీవాడు గోడ పక్కన నిలబడితే చాలు" అన్నాడు తాత.

"మా ఆవిడకి చెప్పకు తాతా. నన్ను ఇస్త్రీ బల్ల పక్కన నిలబెట్టేస్తుంది" అన్నాడు తమ్ముడు.

తాత ఇంకోసారి వంగాడు. "అడుగున కొంచెం మసగ్గా ఉందే" అని గొణిగి, టార్చిని అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. "సెల్లు అయిపోయినట్టుంది. నీరేలే, పో."

ఆ మసక నేనూ చూశాను.

* * *

సమ్మె మొదలవడానికి నాలుగు రోజుల ముందు కాగితం కోసం కంపెనీ డాక్టరు గదికి వెళ్ళాం. కాగితం ఇవ్వడని నాకు తెలుసు. ఇవ్వలేదని గేటు దగ్గర చెప్పడానికే వెళ్ళాను. ఇప్పుడు దాచడమెందుకు.

ఆ గదిలో ఒక మంచం, తెల్లరంగు పెచ్చులూడిన బీరువా, తిరగని ఫ్యాను. ఆయన మమ్మల్ని పాసు నంబర్లతో పిలుస్తాడు.

"నూట పద్దెనిమిది లోపలికి రా. మీరు బయట ఉండండి."

"కమిటీ తరఫున ఉంటాను" అన్నాను.

ఆయన నాతో వాదించలేదు. అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకుని వేడి చేసుకుని అప్పుడు తమ్ముణ్ణి ముట్టుకున్నాడు. పరీక్ష చాలాసేపు చేశాడు. దగ్గమన్నాడు. పడుకోమన్నాడు. లేచి నిలబడమన్నాడు. మళ్ళీ పడుకోమన్నాడు. రెండో వైపు కూడా చూసి, రెంటికీ తేడా చూసుకున్నాడు. చివరికి చేతులు కడుక్కుని కూర్చున్నాడు.

"హెర్నియా అయితే దగ్గినప్పుడు పొడుచుకొస్తుంది, పడుకుంటే మామూలుగా లోపలికి పోతుంది. నరాలు ఉబ్బితే వేళ్ళకి వానపాముల మూట తగిలినట్టుంటుంది. అదీ పడుకుంటే తగ్గుతుంది. చీము పడితే జ్వరం, మంట, చెయ్యి వెయ్యనివ్వడు. ఇతనికి ఇవేవీ లేవు."

"నీరుంది. మేం చూశాం" అన్నాను.

"నీరుంది. నేను కాదనలేదు. ఎందుకు చేరిందో చూడాలంటున్నాను. నీళ్ళు అడ్డం ఉండి బీజం నా వేలికి సరిగ్గా అందడం లేదు. అందినంత మేర గట్టిగా ఉంది."

"బస్తా మూల తగిలింది సార్" అన్నాడు తమ్ముడు.

"తగిలింది కాబట్టి నువ్వు చూసుకున్నావు. అది అంతకుముందే ఉండొచ్చు."

"అంటే బస్తాకీ దీనికీ సంబంధం లేదంటారు" అన్నాను.

"లేదనే అనుకుంటున్నాను."

నాకు కావలసిన ముక్క అదే. పదకొండేళ్ళుగా అదే మాట ఆ నోట వింటున్నాను. మోకాళ్ళు పోయినవాడికి వయసు అన్నాడు. నడుము పడిపోయినవాడికి పడుకునే తీరు బాలేదన్నాడు. వేళ్ళు నలిగినవాడికి అజాగ్రత్త అని రాశాడు. బస్తాకి ఈయన కాగితాల్లో ఎప్పుడూ ఏ పాపమూ లేదు.

ఆయన ఒక చీటీ రాసి నాకు కాదు, తమ్ముడికిచ్చాడు. "పెద్దాసుపత్రిలో స్కానింగు. వారంలోపు. క్యాన్సరు కాదని తేల్చుకోవాలి. చాలావరకు కాకపోవచ్చు. కానీ తేల్చుకోకుండా వదలకూడదు."

తమ్ముడు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. నా మొహం చూశాడు.

"ఇదేం కొత్త ఎత్తు డాక్టరుగారూ?" అన్నాను. "సమ్మెకి నాలుగు రోజుల ముందు కుర్రాణ్ణి బెదిరిస్తున్నారా?"

"మీతో నాకు పని లేదు" అన్నాడాయన. తమ్ముడి వైపు తిరిగి, "వారంలోపు" అన్నాడు మళ్ళీ.

* * *

గేటు ముందు ఆపి ఉన్న లారీ వెనకభాగం మా వేదిక. తమ్ముణ్ణి నా పక్కన నిలబెట్టుకున్నాను. వాణ్ణి చూస్తే జనానికి హుషారు.

"బస్తాలు మోసి మోసి దిగింది మా క్రేనుకి. కంపెనీ ఏమంటోందో తెలుసా? బస్తాకి సంబంధం లేదట. ఇది వాడి ఒంట్లో ముందే ఉందట. తల్లి కడుపులోంచే సిమెంటు సంచితో పుట్టాడట."

నవ్వులు. నా నోరు నాకు తెలుసు. అది లేచిందంటే నేను కూడా దాని వెనక పరిగెత్తాల్సిందే.

"పైగా స్కానింగుకి పోవాలట. పెద్ద జబ్బు పేరొకటి చెప్పి కుర్రాణ్ణి హడలగొట్టి, తేలిక పని అడగకుండా ఇంటికి పంపించే చీటీ ఇది. దీనికి మన జవాబు ఏంటి?"

తమ్ముడి జేబులోంచి చీటీ తీసుకుని రెండుగా చించాను. నాలుగుగా చించాను. ముక్కలు గాల్లోకి విసిరాను. ఈలలు, చప్పట్లు. ఒక ముక్క తమ్ముడి భుజం మీద పడింది. వాడు దాన్ని దులుపుకోలేదు.

ఇంటికి నడుస్తూ వాడు అడిగాడు. "అన్నయ్యా, ఊరికే ఒకసారి వెళ్ళొస్తే?"

"వెళ్ళు. రేపు పొద్దున్నే గేటు దగ్గర ఏమనుకుంటారో కూడా ఆలోచించుకుని వెళ్ళు. కంపెనీ డాక్టరు మాట నిజమేనని సెక్రటరీ తమ్ముడే నమ్మాడట అంటారు."

"సరే."

"సమ్మె అవ్వనీ. నేనే తీసుకెళ్తాను."

"సరేలే అన్నయ్యా."

చిన్నప్పట్నుంచీ వాడికి నాకు సరే అనడమే అలవాటు.

* * *

సమ్మె పది రోజుల్లో తేలిపోతుందనుకున్నాం. తేలలేదు. గేటుకి ఎదురుగా టార్పాలిను పందిరి వేసుకుని కూర్చున్నాం. నేల పొయ్యి మీద పెనంలా ఉండేది. పొద్దున్న పేకాట, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం నా ఉపన్యాసం. మూడో వారంలో తమ్ముడికి నడుం నొప్పి మొదలైంది. వెనక, వెన్నెముక పక్కన, లోపలెక్కడో. పక్కకి ఒత్తిగిలినా తగ్గదు, కూర్చున్నా తగ్గదు.

"మోసేవాడికి పనిలేకపోతే నడుమే నొప్పెడుతుంది. గానుగెద్దుని కట్టేస్తే కాళ్ళు పడిపోయినట్టు" అన్నాడు తాత. అందరికీ సబబుగానే తోచింది. నాకు కూడా.

అయిదో వారంలో దగ్గు. గోదాము దుమ్ము అన్నాం. గోదాములో అడుగుపెట్టి నెల దాటిందని ఎవరికీ తట్టలేదు.

మా మరదలు లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఒకరోజు మధ్యాహ్నం పని మధ్యలో పందిరి దగ్గరికి వచ్చింది. మెడలో ఇంకా తడి తువ్వాలుంది. తమ్ముడు మూల పడుకుని ఉన్నాడు. వాడి వైపు వెళ్ళకుండా నా దగ్గరికే వచ్చింది.

"బావగారూ, ఒక మాట."

"చెప్పమ్మా."

"ఆయన బెల్టు రెండు చిల్లులు లోపలికి పోయింది. కింద వాపు మాత్రం పిడికిలంత అయింది. ఒళ్ళు తగ్గుతుంటే వాపు పెరిగే జబ్బు పేరేంటి?"

"సమ్మెలో ఎవరి ఒళ్ళు తగ్గలేదమ్మా?"

"మీది."

పేకాడేవాళ్ళు తలెత్తకుండా నవ్వారు. ఆమె నవ్వలేదు.

"డాక్టరు చూశాడట కదా. ఏమన్నాడు?"

అంటే తమ్ముడు ఆమెకి చెప్పలేదు. గేటు మీటింగుకి ఆమె రాలేదు. 

"నీరన్నాడు" అన్నాను. అది అబద్ధం కాదు. సగం నిజం. సగం నిజంతో నేను ఎన్నో మీటింగులు గెలిచాను.

"నీరైతే తీయించండి. ఈ వారమే."

* * *

మాకు కావలసిన కాంపౌండరు ఒకడున్నాడు. యూనియన్ మనిషి. మా పిల్లలకి జ్వరాలొస్తే అతని దగ్గరికే. తన మందుల కొట్టు వెనక గదిలో తమ్ముణ్ణి పడుకోబెట్టి, సూదితో నీరు లాగాడు. లేత పసుపురంగులో స్టీలు గ్లాసు నిండా వచ్చింది. వాపు సగానికి పైగా తగ్గింది. నేను గ్లాసు వెలుతురుకి ఎత్తి చూశాను.

"చూశావా? ఇంతేరా. దీనికి క్యాన్సరు అని పేరు పెట్టాడు మహానుభావుడు."

తమ్ముడు లేచి నిలబడ్డాడు. ప్యాంటు పైకి లాక్కుంటూ ఆగిపోయాడు. చెయ్యి అక్కడే ఉంది.

"అన్నయ్యా, నీళ్ళు పోయాయి కదా?"

"పోయాయి."

"మరి లోపల ఇంకోటి ఉంది."

కాంపౌండరు దగ్గరికి వచ్చి వేళ్ళు పెట్టి చూశాడు. రెండో వైపు చూశాడు. మళ్ళీ మొదటి వైపుకి వచ్చాడు. పంపు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. సబ్బు పెట్టి రెండోసారి కడుక్కున్నాడు.

"ఏంటి?" అన్నాను.

"బీజం ఉండాల్సినట్టు లేదు." పంపు వైపే చూస్తూ అన్నాడు. "మోకాలిచిప్ప ముట్టుకున్నట్టుంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. రేపు కాదు, ఇప్పుడే."

"నొప్పి అస్సలు లేదు" అన్నాడు తమ్ముడు, బేరమాడుతున్నట్టు.

"నొప్పి ఉన్నా బాగుండేది" అన్నాడు కాంపౌండరు.

గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

* * *

పెద్దాసుపత్రిలో రెండు రోజులు. స్కానింగు, రక్తం, ఛాతీ ఫోటో, పొట్ట ఫోటో. మూడో రోజు సర్జను మమ్మల్ని ముగ్గుర్నీ లోపలికి పిలిచింది. నా కంటే చిన్నది. బల్ల మీద కాగితాలు నాలుగు వరసలుగా పరిచి ఉన్నాయి.

"మొదట ఎప్పుడు గమనించారు?"

తమ్ముడు చెప్పాడు.

"మొదటిసారి డాక్టరు ఎప్పుడు చూశారు?"

"సమ్మెకి ముందండీ."

"ఏం చెప్పారు?"

తమ్ముడు నేల వైపు చూశాడు. "నీరన్నారండీ. ఏం ఫర్వాలేదన్నారు."

ఆమె రాసుకుంటోంది. పెన్ను కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది. నా కోసం వాడు అబద్ధమాడాడు. ఆ అబద్ధం ఆ కాగితం మీద అలాగే ఉండిపోతే నాకు ఏ నష్టమూ లేదు. మరదలు నా పక్కనే కూర్చుంది.

"కాదండీ" అన్నాను. "వారంలోపు స్కానింగుకి వెళ్ళమన్నాడు. క్యాన్సరు కాదని తేల్చుకోమన్నాడు. చీటీ ఇచ్చాడు. నేను చించేశాను."

పెన్ను ఆగింది. "ఎన్ని రోజులైంది?"

"నలభై ఆరు."

ఆమె పాత మాట కొట్టేసి కొత్తది రాసింది. నన్ను తిట్టలేదు. "సూదితో నీరు ఎవరు తీశారు?" అంది.

చెప్పాను.

"ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు అక్కడ సూది పెట్టకూడదు. ఆపరేషను కూడా మేం కింద నుంచి చెయ్యం. పైన గజ్జల దగ్గర కోసి తీస్తాం." తమ్ముడి వైపు తిరిగింది. "ఒకటి తీసేస్తాం. రెండోది బాగుంది. మామూలుగా ఒక్కటి చాలు. మగతనానికీ పిల్లలకీ దాంతో ఇబ్బంది ఉండదు. కానీ మందుల వల్ల ఉండొచ్చు, దానికి ముందే ఏం చెయ్యాలో చెప్తాను. ఇది మీ బీజంలో పుట్టిన గడ్డ. చుట్టూ చేరిన నీళ్ళు దాన్ని కప్పేశాయి. వెలుతురు నీళ్ళలోంచి పోతుంది. వెనక రాయి ఉందో లేదో వెలుతురు చెప్పదు."

"నడుం నొప్పి?" అంది మరదలు.

"వెన్నెముక పక్కన గ్రంథుల్లోకి పాకింది. దగ్గు ఊపిరితిత్తుల్లో మచ్చల వల్ల. ఆపరేషను తర్వాత మందు ఎక్కించాలి. నాలుగు విడతలు."

"బతుకుతారా?"

"ఇది లొంగే జబ్బేనమ్మా. ఇంత దూరం వచ్చాక కూడా చాలామందిలో లొంగుతుంది." సర్జను కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్దింది. "నలభై ఆరు రోజుల కింద వచ్చి ఉంటే ఈ మాట ఇంత ఆలోచించుకుని చెప్పేదాన్ని కాదు."

బయట వసారాలో మరదలు గోడకి ఆనుకుని నిలబడింది. ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలున్న చేతులు పొట్ట మీద కట్టుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మీరు చించింది గేటు దగ్గర కదా బావగారూ?"

"అవును."

"మరి ఇక్కడెందుకు చెప్తున్నారు? అక్కడ చెప్పండి."

* * *

యాభై ఎనిమిదో రోజు కంపెనీ దిగొచ్చింది. అయిదు డిమాండ్ల మీద మూడు గంటలు పీకులాడిన మేనేజరు నాలుగో దాని దగ్గర మాత్రం పెన్ను మూత తీసి నవ్వాడు.

"దీనికి మాకు ఏ అభ్యంతరమూ లేదు. పరీక్ష వద్దంటున్నారు. మంచిదే. వాపొచ్చినవాణ్ణి బల్ల మీద కూర్చోబెడతాం. అది ఏం వాపో మేం చూడం, అడగం. మీరు రాసిందే కదా?"

"అది మార్చాలి" అన్నాను. "ముందు పెద్దాసుపత్రిలో స్కానింగు. డబ్బు కంపెనీది. ఆ తర్వాతే బల్ల."

మా కమిటీవాళ్ళు నా వైపు పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు.

"మీ వాళ్ళని అడిగి రండి" అన్నాడు మేనేజరు. పెన్ను మూత పెట్టలేదు.

అదే లారీ. అదే గేటు. ఈసారి పక్కన తమ్ముడు లేడు. వాడికి మొదటి విడత మందు ఎక్కుతోంది.

"నేను చించిన చీటీలో ఉన్నమాట నిజం" అన్నాను. "మా తమ్ముడికి క్యాన్సరు. డాక్టరు చెప్పాడు. నేను వినలేదు. ఆయన మన మోకాళ్ళ గురించి అబద్ధాలు రాశాడు, నిజమే. దీని గురించి అబద్ధం చెప్పలేదు. నాకు మనిషి మీద ఉన్న కోపంలో మాట వినపడలేదు."

 నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

"ఇప్పుడు నేను సిగ్గు లేకుండా మాట్లాడతాను, మీరూ సిగ్గు పడకుండా వినండి. కింద వాపొచ్చిన పదిమందిలో ఇంచుమించు అందరికీ నీరో, నరమో, పేగో, చీమో. క్యాన్సరు అరుదు. భయపడొద్దు. కానీ ఏది ఏదో టార్చి చెప్పదు, నేను చెప్పలేను, మీ ఆవిడ చెప్పలేదు. నొప్పి లేకుండా బీజం గట్టిపడినా, గడ్డ తగిలినా, రెండోదాని కంటే పెద్దదయినా, బరువుగా లాగినా వెళ్ళి చూపించుకోండి. ఉన్నట్టుండి ప్రాణం పోయేంత నొప్పి వస్తే అది బీజం మెలిపడటం, ఆ గంటలోనే పరిగెత్తండి. నొప్పి లేదు కదా అని కూర్చోవద్దు. మావాడికి నొప్పి లేదు. అదే మమ్మల్ని ముంచింది."

"ఎంత ముట్టింది సెక్రటరీ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. గట్టిగా కూడా కాదు, ధర కనుక్కుంటున్నట్టు.

ఇంకొకతను లేచాడు. "అయ్యా, నాకు దిగి ఏడాదైంది. రేపట్నుంచి బల్ల మీద కూర్చోవచ్చు అనుకుంటున్నా. ఇప్పుడు నువ్వు మళ్ళీ డాక్టరంటావు, కాగితమంటావు. ఆ స్కానింగులో ఏమీ లేదంటే నన్ను మళ్ళీ బస్తాల కిందకి తోస్తారు. అవునా కాదా?"

 అతను అడిగింది న్యాయమే.

టార్చి తాత లేవలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు.

చేతులెత్తమన్నాను. నా సవరణకి పదకొండు చేతులు లేచాయి. మిగతా మూడు వందల చిల్లర నేను రాసిన వాక్యానికే ఓటేశారు, ఒక్క అక్షరం మార్చకుండా. మేనేజరు ఆ సాయంత్రమే సంతకం పెట్టాడు. మావాళ్ళు దానికి పేరు కూడా పెట్టారు, క్రేను రూలు అని. గౌరవంగానే పెట్టారు.

జనం చెదిరాక చూస్తే టీ కొట్టు దగ్గర మరదలు నిలబడి ఉంది. ఎప్పట్నుంచి ఉందో తెలీదు.

"ఓడిపోయానమ్మా" అన్నాను.

"పదకొండు మంది విన్నారు కదా" అంది. "రేపు కూడా చెప్పండి." అని బస్సు కోసం వెళ్ళిపోయింది. ఆసుపత్రిలో మందు సీసా మార్చే వేళయింది.

* * *

వానలు మొదలయ్యేసరికి తమ్ముడికి మూడు విడతలు అయ్యాయి. తల మీద వెంట్రుక లేదు. రెండు బస్తాలెత్తిన చేతులతో నీళ్ళ చెంబు ఎత్తితే వణికేది. రక్తంలో చూసే అంకెలు దిగుతున్నాయని సర్జను చెప్పింది. ఊపిరితిత్తుల్లో మచ్చలు అయిదు ఉంటే మూడు పోయాయి. మిగతా రెండూ ఏం చేస్తాయో ఆమె చెప్పలేదు, మేం అడగలేదు. రక్తం ఇచ్చిన రోజు నుంచి కాగితం వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. తలుపు కూడా మెల్లగా వేసేవాళ్ళం. ఒకసారి వాడు నా చెయ్యి పట్టుకుని, "సమ్మె గెలిచాం కదా అన్నయ్యా" అన్నాడు. గెలిచాం అన్నాను.

కమిటీ నన్ను సెక్రటరీగా తీసేసింది. మంచిదే. నాకిప్పుడు ఒకటే పని. పొద్దున్న పనిలోకి వెళ్ళేముందు అరగంట గేటు లోపల, బస్తాలు మోసే దారి పక్కన నిలబడి, గేటు మీటింగులో చెప్పిందే మళ్ళీ చెప్తాను. నాకు కాయల సెక్రటరీ అని పేరు పెట్టారు. "ఏం సెక్రటరీ, ఇవాళ పిసుక్కున్నావా?" అని అడిగిపోతారు. పిసుక్కున్నాను, నువ్వూ పిసుక్కో అంటాను. నవ్వుకుంటూ పోతారు. బల్ల మీద సంచులు కుట్టేవాళ్ళు అప్పటికే తొమ్మిదిమంది అయ్యారు. ఒక్కడూ స్కానింగుకి పోలేదు.

ఆరోజు సన్నగా వాన. మొదటి లారీ నిండుతోంది. నేను చెప్తున్నాను, ఎవరూ వినడం లేదు. మూడో ముఠాలో మోసే అతనొకడు బస్తాతో నా ముందు నుంచి పోయాడు. సమ్మె అయ్యాక నాతో ఒక్క మాట మాట్లాడని మనిషి. పోతూ పోతూ, తల తిప్పకుండా, పెదాలు కదిలీ కదలకుండా అడిగాడు.

"గట్టిగా ఉండి నొప్పి లేకపోతేనేనా?"

"అవును" అన్నాను.

అతను ఆగలేదు. మా పనిలో బస్తా భుజాన పడ్డాక లారీ దాకా దించకూడదు. అది కంపెనీ రూలు కాదు, మాలో మాకున్న పరువు. కాలు విరిగినవాడు కూడా కుంటుకుంటూ లారీ దగ్గరే దించుతాడు. మధ్యలో దించినవాణ్ణి చచ్చేదాకా ఎగతాళి చేస్తారు.

అతను పది అడుగులు వేశాడు. పన్నెండు వేశాడు. వెనక వస్తున్నవాళ్ళు చూస్తున్నారు. దారి మధ్యలో, తడి నేల మీద, బస్తా దించాడు.

నా వైపు నడిచి వచ్చాడు.

"ఆ ఆసుపత్రికి బస్సు ఎక్కడ ఎక్కాలి?" అన్నాడు.